కదలెడు ఖండములు



అమరకోశము భూమికి గల పేర్లను లెక్కించుచు 'అచల' యనియు 'స్థిర' యనియు రెండు పేర్లను చేర్చినది. కదలనిది, నిలుకడ గలది యని వాని యర్థము. గట్టు తగాదాకై తరతరములుగ వ్యాజ్యములాడు రైతునకును, ఇంటికి శంకుస్థాపన చేయు గృహస్థునకును ఈ పేర్లు సహజముగనే తోచును. ఏరు దారి మార్చవచ్చును, చెఱువు పూడిపోవచ్చును, ఊరికి ఊరే లేచిపోవచ్చును. నేల మాత్రము ఉన్నచోటనే యుండునని లోకము నమ్మినది. ఇరువదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులు ఈ నమ్మకమును తలక్రిందులు చేసిరి. ఆ పని ఒక్కనాడు జరుగలేదు. అందుకు ఏబది యేండ్లు పట్టినది. అందొక మేధావి తన జీవితకాలమంతయు పరిహాసమునకు గురియయ్యెను. ఆ కథలో భారతదేశమునకును, విశేషించి గోదావరీ తీరమునకును గల భాగము చాల గొప్పది.

ముందుగా ఖండముల కొలతలు. గ్రంథాలయములలో గోడకు వ్రేలాడుచుండు ప్రపంచపటమును చూచి వీనిని గ్రహింపబోవు బాలురు మొట్టమొదటనే మోసపోవుదురు. ఆ పటములలో పెక్కింటికి మూలము 1569లో మెర్కేటరు అను పండితుడు నావికుల కొఱకు రచించిన పటము. ఓడకు దిక్కు తప్పకుండుటయే అందు ముఖ్యము; వైశాల్యము ముఖ్యము కాదు. గుండ్రని భూమిని చదునైన కాగితముపై పఱచుటలో ధ్రువములకు చేరువనున్న భూభాగములు విపరీతముగ ఉబ్బిపోయినవి. గ్రీన్‌లాండు ద్వీపము ఆఫ్రికాఖండమంత కనబడును. నిజమునకు ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. గ్రీన్‌లాండు వైశాల్యము సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. భారతదేశ వైశాల్యము 32 లక్షల 87 వేలు. అయినను పటమును మాత్రమే నమ్మినవాడు భారతదేశమే చిన్నదని ప్రమాణము చేసి చెప్పును. ప్రతి గ్రంథాలయమునను పటము ప్రక్కన ఒక గోళము కూడ ఉండుట అవసరము.

భూగోళపు ఉపరితలము మొత్తము 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందు నేల 15 కోట్లకు కొంచెము తక్కువ, తక్కినదంతయు నీరు. ఆ నేలలో ఆసియా సుమారు 4 కోట్ల 45 లక్షలు. ఆఫ్రికా 3 కోట్ల 3 లక్షలు. ఉత్తర అమెరికా 2 కోట్ల 47 లక్షలు. దక్షిణ అమెరికా 1 కోటి 78 లక్షలు. అంటార్కిటికా 1 కోటి 42 లక్షలు. ఐరోపా కోటికి కొంచెము పైన. ఆస్ట్రేలియా 77 లక్షలు. పురాణములు చెప్పిన సప్తద్వీపములును ఏడే, పాఠ్యపుస్తకములు చెప్పు ఖండములును ఏడే. అయితే ఆ సంఖ్య కలియుటయే కాని, జంబూద్వీపము ఇది, ప్లక్షద్వీపము అది యని జతపఱుప బూనుట వ్యర్థము. ఏడు అను లెక్కకు కూడ శాస్త్రబలము తక్కువ. ఐరోపా, ఆసియాలు ఒకే నేల. ఐరోపాను వేఱు ఖండముగ ఎంచుట అచ్చటివారి అభిమానమే కాని, వాని నడుమ సముద్రము లేదు.

ఖండమనగా నీటిపైకి తేలిన నేల యని చెప్పినంత మాత్రమున చాలదు. సముద్రముల నీరంతయు తోడివేసినను ఖండము ఖండముగనే కనబడును. ఏలయనగా దాని రాయియే వేఱు. హైదరాబాదు చుట్టును, తెలంగాణమంతటను బోడిగుండ్లవలె నిలిచియున్న నల్లసేనపు కొండలు ఖండశిలకు మంచి ఉదాహరణములు. అవి తేలికజాతి రాళ్లు. సముద్రపు అడుగున నున్నది బసాల్టు అను నల్లని బరువు రాయి. ఖండముల క్రింద ఈ తేలిక పొర సగటున 35 మొదలు 40 కిలోమీటర్ల మందము గలది. సముద్రము క్రింది బరువు పొర 7 కిలోమీటర్లే. క్రింద మిక్కిలి వేడియై, గట్టిదయ్యు యుగములమీద మైనమువలె సాగు రాతిపై ఈ రెండును తేలుచున్నవి. తేలిక దుంగ నీటిపైకి ఎక్కువగ లేచి యుండునట్లు ఖండములు పైకి లేచియున్నవి. బరువు పొర పల్లమున నున్నది. ఆ పల్లమున నీరు నిలిచినది.

ఈ తేలుట యను సంగతి మొదట బయటపడినది భారతదేశముననే. పందొమ్మిదవ శతాబ్దమున దేశమును కొలిచిన సర్వే ఉద్యోగులు హిమాలయములకు దాపున తూకపుగుండును వ్రేలాడదీయగా, ఆ మహాపర్వతరాశి దానిని తనవైపునకు లాగవలసినంత లాగలేదు. కలకత్తాలో నుండిన ప్రాట్ అను మతాచార్యుడు లెక్కించి చూడగా, ఆ గుంజుడు లెక్కకు వచ్చినదానిలో మూడవవంతు మాత్రమే యని తేలెను. 1855లో ఎయిరీ అను ఖగోళజ్ఞుడు దీనికి కారణము చెప్పెను. పర్వతము క్రింద తేలిక శిల మిక్కిలి లోతుగ వేరువలె దిగియున్నదట. అందుచేత మొత్తము బరువు తగ్గినదట. ఈ చిన్న లెక్క తరువాతి కాలమున పెద్ద వివాదములో ఒక సాక్ష్యమయ్యెను.

ఆ వివాదము పుట్టినది రాతిలోని ఆకులనుండి. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. నేటి సింగరేణి గనులకు అదియే మొదలు. ఆ బొగ్గుతోడి రాళ్లలో నాలుకవంటి ఆకుల అచ్చులు కానవచ్చును. నాలుక యను అర్థము గల గ్రీకు మాటతో శాస్త్రజ్ఞులు ఆ చెట్టునకు గ్లాసోప్టెరిస్ అని పేరిడిరి. దామోదరు నదీలోయలోని బొగ్గునను అదే ఆకు. దక్షిణాఫ్రికాలో అదే ఆకు. ఆస్ట్రేలియాలో, దక్షిణ అమెరికాలో అదే ఆకు. బొగ్గుపొరల క్రింద మఱియొక వింత కలదు. గోదావరీలోయలో బొగ్గునకు అడుగున పెద్దవి, చిన్నవి గులకరాళ్లు మట్టితో కలసి గట్టిపడిన పొర యున్నది. ఒరిస్సాలోని తాల్చేరు పేర పిలువబడు ఈ పొరను అచ్చట 1856లోనే పరిశీలించి, ఇవి మంచునదులు మోసికొని వచ్చిన రాళ్లని చెప్పిరి. మంచు రాచుకొనుటచేత పడిన గీతలు ఆ రాళ్లపై నేటికిని కలవు. వేసవిలో నిప్పులు చెరిగెడు కొత్తగూడెము, రామగుండము ప్రాంతములను ఎఱిగినవారు ఈ మాటను ఒక్కసారి ఆలోచింపవలెను. సుమారు 29 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ లోయ మంచుతో కప్పబడి యుండెను. ఆ కాలపు మంచుగుర్తులు దక్షిణాఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను కూడ ఉన్నవి.

మధ్యభారతమునను, ఆదిలాబాదు అడవులలోను నివసించు గోండుల పేరుమీదుగ ఈ రాతివరుసకు మెడ్లికాట్ అను భారత భూగర్భసర్వే ఉద్యోగి 1872లో గోండ్వానా అని పేరు పెట్టెను. ఆస్ట్రియాదేశపు పండితుడు ఎడ్వర్డు స్యూస్ 1885లో ఆ పేరునే తీసికొని, దక్షిణపు దేశములన్నియు ఒకప్పుడు ఒకే మహాఖండమై యుండెనని చెప్పి, దానిని గోండ్వానా యని పిలిచెను. అడవిలో పోడుసేద్యము చేసికొని బ్రదికిన జాతి పేరు ఈ విధముగ ప్రపంచమందలి భూగోళగ్రంథము లన్నిట కెక్కినది. ఆ జాతివారిలో ఎందఱకు ఈ గౌరవము తెలిసియుండునో!

అయితే స్యూస్ చెప్పినది ఖండములు కదలినవని కాదు. నడుమనున్న నేల సముద్రమున మునిగిపోయినదని అతని వాదము. ఆ కాలమున మునిగిన ఖండముల కథలకు కొదువలేదు. 1864లో స్క్లేటరు అను జంతుశాస్త్రజ్ఞుడు మడగాస్కరునకును భారతదేశమునకును నడుమ లెమూరియా అను ఖండము మునిగినదని ఊహించెను. ఆ పేరును పట్టుకొని కవులును, దేశాభిమానులును అల్లిన కథలు నేటికిని ప్రచారములో నున్నవి. సముద్రపు అడుగున అట్టి మహాఖండమేదియు లేదు. తేలెడు దుంగ మునుగనట్లే తేలిక శిలగల ఖండము బరువు శిలలోనికి మునుగనేరదని ఎయిరీ లెక్కయే చెప్పుచున్నది. నేల మునుగలేదు. మంచుగుర్తులును, ఆకులును అబద్ధము కావు. ఇక మిగిలిన దారి యొక్కటే.

ఆ దారిని చూపినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. అతడు 1880లో బెర్లినులో జన్మించెను. చదివినది ఖగోళశాస్త్రము, వృత్తి వాతావరణ పరిశోధన. భూగర్భశాస్త్రమున అతడు పరాయివాడే. 1912 జనవరి 6వ తేదీన ఫ్రాంక్‌ఫర్టు నగరమున భూగర్భశాస్త్రజ్ఞుల సభలో అతడు ఖండములు ఒకప్పుడు కలసియుండి, చీలి, దూరముగ జరిగిపోయినవని ప్రసంగించెను. ఆఫ్రికా పడమటి తీరమును, దక్షిణ అమెరికా తూర్పు తీరమును పటముపై కత్తిరించి చేర్చిన, విఱిగిన పెంకుముక్కలవలె అతుకును. అంచులు అతుకుట ఒక్కటే చాలదు. చించిన వార్తాపత్రిక ముక్కలను చేర్చినపుడు అచ్చుపంక్తులు కూడ కలసిన గదా ఆ ముక్కలు ఒక్క కాగితమువని తేలును! రాతివరుసలు, పర్వతశ్రేణులు, శిలాజములు ఆ పంక్తులవలె ఒక తీరమునుండి మఱియొక తీరమునకు సాగుచున్నవని వెగెనర్ చూపెను.

అదే జనవరి 17వ తేదీన ఇంగ్లీషు నావికాధికారి రాబర్టు స్కాట్ నలుగురు సహచరులతో దక్షిణధ్రువమును చేరెను. నార్వేవాడైన అముండ్సెన్ తనకంటె ముందే వచ్చి జెండా నాటిపోయిన సంగతి అచ్చట వారికి తెలిసెను. తిరుగుప్రయాణమున, ఫిబ్రవరి 8వ తేదీన, బక్లీ అను పర్వతము చెంత ఆగి, స్కాట్ స్నేహితుడైన డాక్టరు విల్సన్ కొన్ని రాళ్లను ఏరెను. ఆకలియు, చలియు వారిని అప్పటికే క్రుంగదీసియుండెను. ఒకరి వెనుక ఒకరుగ ఇద్దఱు మరణించిరి. మిగిలిన ముగ్గురును ఆహారపు నిల్వకు ఇక 18 కిలోమీటర్ల దూరమున గుడారములో ప్రాణములు విడిచిరి. నవంబరులో వారిని వెదకుచు పోయినవారికి శవములతోపాటు 16 కిలోల రాళ్లు దొరకెను. బండిని తామే లాగవలసిన ఆ బలహీనులు, ప్రతి గ్రాము బరువును వదల్చుకొనదగిన సమయమున కూడ, ఆ రాళ్లను పాఱవేయలేదు. లండనుకు చేరిన తరువాత వానిని పరిశీలించిన సీవార్డ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1914లో ఆ ఫలితమును ప్రకటించెను. అందు నాలుకవంటి ఆకు కలదు. సింగరేణి బొగ్గులోని గ్లాసోప్టెరిస్ అంటార్కిటికా మంచులోను ఉన్నదన్నమాట. ఆ రాళ్లు కదలెడు ఖండములకు సాక్ష్యమగునని మోసినవారికి తెలియదు. ఫ్రాంక్‌ఫర్టు ప్రసంగమును వారు విననే లేదు.

1915లో వెగెనర్, యుద్ధమున గాయపడి సెలవుపై నున్నపుడు, తన గ్రంథమును ప్రకటించెను. పండితలోకము దానిని ఆదరింపలేదు. 1926లో న్యూయార్కున జరిగిన సభలో పెక్కురు దానిని తీవ్రముగ ఖండించిరి. వారి వ్యతిరేకత అంతయు అసూయ యనుట న్యాయము కాదు. ఇంత బరువును ఏ శక్తి త్రోయుచున్నది అని వారడిగిరి. వెగెనర్ చెప్పిన కారణములు, అనగా భూభ్రమణము, చంద్రుని ఆకర్షణ, లెక్కకు నిలువలేదు. గ్రీన్‌లాండు ఏటికి పదిమీటర్లకు మించి జరుగుచున్నదని అతడు నమ్మిన కొలతయు తప్పు. జరిగినది నిజము, జరిపిన శక్తి తెలియదు. దొంగతనము జరిగినట్లు రుజువైనను, దొంగ దొరకని కారణమున వ్యాజ్యమునే కొట్టివేసినట్లయ్యెను. 1930 నవంబరులో, గ్రీన్‌లాండు నడిబొడ్డున మంచుపై చిక్కిన తన సహోద్యోగులకు సామగ్రి చేరవేసి మరలి వచ్చుచు, ఏబది యేండ్లు నిండిన కొలదిదినములకే అతడు మరణించెను. మఱుసటి సంవత్సరము మే నెలలో అతని శవము దొరకెను. దానిని ఆ మంచులోనే ఉంచిరి.

దొంగ దొరకినది సముద్రగర్భమున. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఓడలు ధ్వనితరంగములతో సముద్రపు లోతులను వరుసగ కొలువసాగెను. ఆ అంకెలనుండి పటమును గీసినది మేరీ థార్ప్ అను అమెరికను వనిత. ఆడవారిని పరిశోధననౌకలపైకి రానీయని కాలమది. ఆమె ఒడ్డుననే కూర్చుండి గీసినది. 1952లో అట్లాంటికు నడుమ సాగు జలాంతర్గత పర్వతశ్రేణి నడినెత్తిన పొడవునను ఒక లోతైన పగులు ఉన్నట్లు ఆమెకు తోచెను. ఆమెతో పనిచేయు హీజెన్ అది ఆడపిల్లల మాట యని మొదట కొట్టివేసెను. తరువాత భూకంపముల స్థానములను ఆ పటముపై గుర్తింపగా అవి ఆ పగులు వెంటనే వరుసదీరెను. అట్టి శ్రేణి ప్రపంచ సముద్రములన్నిటిలో 65 వేల కిలోమీటర్ల పొడవున, గుమ్మడికాయ చారలవలె, భూమిని చుట్టియున్నదని తేలినది.

1962లో హ్యారీ హెస్ అను ఆచార్యుడు దీని భావమును వివరించెను. ఆ పగులులోనుండి కరిగిన శిల పైకి వచ్చి, గడ్డకట్టి, క్రొత్త సముద్రపు నేల యగుచు ఇరువైపులకు జరుగుచున్నదని అతని ప్రతిపాదన. మఱుసటి సంవత్సరమే వైన్, మాథ్యూస్ అను ఇద్దఱు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు దీనికి ఋజువు చూపిరి. కరిగిన శిల గడ్డకట్టునపుడు అందలి ఇనుపరేణువులు ఆనాటి అయస్కాంతదిశను పట్టి నిలుపుకొనును. భూమి అయస్కాంతము అప్పుడప్పుడు ఉత్తరదక్షిణములను తాఱుమాఱు చేసికొనుచుండును. కావున పగులు నుండి ఇరువైపులకును జరిగిన నేలపై, నేతచీర రెండంచులవలె, ఒకే వరుస చారలు ఏర్పడవలెను. హిందూమహాసముద్రమున కార్ల్స్‌బర్గు శ్రేణిపై ఓడ కొలిచిన అంకెలు వారికి ఆధారమైనవి. అంతకుముందే, 1956లో, దక్కను లావారాళ్ల అయస్కాంతమును పరీక్షించిన క్లెగ్ ప్రభృతులు, ఆ రాళ్లు గడ్డకట్టునాటికి భారతదేశము భూమధ్యరేఖకు చాల దక్షిణమున నుండెనని చెప్పియుండిరి. 1968లో బయలుదేరిన గ్లోమార్ ఛాలెంజర్ అను ఓడ సముద్రపు అడుగును తొలిచి చూడగా, పగులుకు దూరము పోయినకొలది నేల వయస్సు పెరుగుచున్నట్లు తేలెను. 1969లో అంటార్కిటికాలో లిస్ట్రోసారస్ అను ప్రాచీన జంతువు ఎముకలు దొరకెను. దక్షిణాఫ్రికాలోను, బెంగాలులోని దామోదరులోయలోను దొరకిన జంతువే అది. పంది యంతటి ఆ నేలజంతువు వేల మైళ్ల సముద్రమును ఈదినదని ఎవరును అనజాలకపోయిరి. వెగెనర్ చనిపోయి అప్పటికి ముప్పదితొమ్మిది సంవత్సరములు.

కదలించు శక్తి భూమిలోని వేడిమియే. ఎసరు కాగునపుడు అడుగునీరు పైకి పొంగి, చల్లారి, అంచుల వెంట క్రిందికి దిగుట ప్రతి గృహిణియు చూచినదే. భూగర్భమున వేడిశిల అట్లే మిక్కిలి మెల్లగ తిరుగుచున్నది. చల్లారి బరువెక్కిన సముద్రఫలకము మఱియొక ఫలకము క్రిందికి దిగుచు, తన వెనుకనున్న దానిని లాగుకొనిపోవును. ఖండముల పుట్టుకయు ఇందే యున్నది. నీటితో నానిన సముద్రపు రాయి లోతునకు దిగినపుడు అచ్చటి శిల కొంత కరగి, తేలికయైన భాగము పైకి వచ్చును. పాలు కాగగా మీగడ తేలినట్లు, బరువు శిలనుండి ఈ తేలిక శిల విడివడి, యుగయుగములుగ పోగై, ఖండములైనది. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. కెనడాలోని అకాస్టా శిలలు 400 కోట్ల ఏండ్లనాటివి. తెలంగాణపు నల్లసేనపు కొండలు 250 కోట్ల ఏండ్లనాటివి. సముద్రపు నేలలో 20 కోట్ల ఏండ్లకు మించినది ఎచ్చటను దాదాపు కానరాదు. సముద్రము పాతదని, నేల క్రొత్తదని లోకవాడుక. నిజము అందుకు విరుద్ధము.

ఖండములు పలుమార్లు కలసి, పలుమార్లు విడిపోయినవి. చివరిసారి కలసినది 30 కోట్ల ఏండ్ల ప్రాంతమున. దానినే పాంజియా యందురు. అది విడిపోవుటలో భారతదేశపు ముక్క చేసిన ప్రయాణము తక్కిన అన్నిటి ప్రయాణములకంటె విచిత్రమైనది. తూర్పుకనుమల రాళ్లును, అంటార్కిటికాలోని ఎండర్బీ ప్రాంతపు రాళ్లును ఒక జాతివి. విశాఖ కొండలలో కనబడు ఒక శిలకు ఖోండుజాతి పేర ఖోండలైటు అని పేరు. సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ రెండును విడిపోయినవి. కోస్తాతీరము ఆ చీలికయొక్క అంచే. చీలికవలన ఏర్పడిన పల్లములో కృష్ణా, గోదావరులు తెచ్చిపోసిన ఒండ్రులోనే నేడు చమురును, సహజవాయువును తీయుచున్నారు. తరువాత, 9 కోట్ల ఏండ్ల ప్రాంతమున, మడగాస్కరు వెనుకకు తప్పుకొన్నది. భారతదేశము ఒంటరి ద్వీపమై ఉత్తరమునకు సాగినది.

ఆ ప్రయాణములో, 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట, పడమటి దిక్కున నేల పగిలి లావా పొంగిపొర్లినది. దాని అవశేషము నేటికిని 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర కలదు. మహారాష్ట్రపు నల్లరేగడి ఆ రాయి చివికిన మట్టియే. రాజమహేంద్రవరము చెంత కాతేరునను, గోదావరికి ఆవలిగట్టున పంగిడి క్వారీలలోను కొట్టుచున్న నల్లరాయియు ఆ కాలపు లావాయే. అది పశ్చిమకనుమల ప్రాంతమునుండి నదీలోయల వెంట వేయి కిలోమీటర్లు ప్రవహించి వచ్చినదని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. రోడ్డుపై కంకరగ పడుచున్న ఆ రాయి అంత దూరమునుండి నడచివచ్చినదని బండివాడు ఎఱుగడు. ఆ లావాపొరల నడుమ సముద్రపు ఆల్చిప్పలు దొరకుచున్నవి. అనగా నాటి సముద్రతీరము అచ్చటనే యుండెను.

ఆ కాలమున భారతదేశము ఏటికి 15 సెంటీమీటర్లకు మించి పరుగెత్తినది. ఖండములకు ఇది పరుగే. 5 కోట్ల ఏండ్ల ప్రాంతమున ఆసియాను ఢీకొనగా, నడుమ నుండిన టెథిస్ సముద్రపు అడుగు ముడుతలుపడి హిమాలయములైనది. 8,848.86 మీటర్ల ఎవరెస్టు శిఖరముపైనున్న రాయి సముద్రజీవుల అవశేషములుగల సున్నపురాయి. వేగము తగ్గెను కాని ప్రయాణము ఆగలేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ ఆవరణమున ఉపగ్రహముల సంకేతములను అందుకొను పరికరము ఆ నడకను కొలుచుచున్నది. ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు, ఈశాన్యదిశగ. ఇరువదియైదు సంవత్సరములు నడచిన ఒక గ్రంథాలయము, తన గోడలతోను, గ్రంథములతోను, ఈపాటికి మీటరుంబావు దూరము జరిగిపోయినదన్నమాట.

ఇది తెలిసిన తరువాత ఖండముల పోలికలు వట్టి అంకెలుగ మిగులవు. ఆసియా పెద్దదగుటకు కారణము అది బొంతవలె కుట్టబడుటయే. సైబీరియా, చైనాలోని రెండు మూడు ముక్కలు, టిబెట్టు ముక్కలు, భారతదేశము, అరేబియా ఒక్కొక్కటిగ వచ్చి అతుకుకొన్నవి. ఆ కుట్లే పర్వతములు. ఆఫ్రికా గోండ్వానాకు నడిబొడ్డు. తక్కినవి దాని చుట్టునుండి విడిపోయినవి. అందుచేత అది అంచులు కోసిన పీఠభూమివలె నున్నది. కాంగో వంటి మహానదులు తీరము చేరువలో జలపాతములై దూకుటచేత ఓడలు లోనికి పోజాలవు. ఆస్ట్రేలియాకు ఏ ఖండమును ఢీకొట్టలేదు. అందుచేత అది మిక్కిలి చదునైనది. దాని ప్రధానభూమిలో ఎత్తైన శిఖరము 2,228 మీటర్లే. ఒంటరియగుటచేతనే కంగారువంటి సంచిజంతువులు అచ్చట వర్ధిల్లినవి. అమెరికాఖండములు రెండును వేఱువేఱుగ వచ్చి, సుమారు 30 లక్షల ఏండ్ల క్రిందట పనామాయొద్ద చేయికలిపినవి. అంటార్కిటికా అందఱినుండియు విడివడిన పిమ్మట చల్లని సముద్రప్రవాహములు దానిని చుట్టివేయగా మంచుగడ్డయైనది. అచ్చటి మంచు సగటున రెండు కిలోమీటర్ల మందము. 1983 జూలై 21న అచ్చటి వోస్టాక్ కేంద్రమున సున్నకు దిగువ 89.2 డిగ్రీల చలి నమోదయ్యెను. ఒకప్పుడు సింగరేణి ఆకు పచ్చగ పెరిగిన నేల అదియే.

ఈ నడక మానవునకు నష్టమును కూడ తెచ్చుచున్నది. 2004 డిసెంబరు 26న సుమత్రా తీరమున సముద్రఫలకము ఒక్కసారిగ జారగా లేచిన అలలు ఆంధ్రతీరపు బెస్తపల్లెలను కూడ తాకినవి. ఆయా దేశములలో రెండు లక్షలకు మించి జనులు మరణించిరి. 2015 ఏప్రిల్ 25న నేపాలులో సుమారు తొమ్మిదివేలమంది గతించిరి. 1969లో భద్రాచలము ప్రాంతము కంపించినదియు గోండ్వానా కాలపు గోదావరి చీలిక వెంటనే. ఏ దినమున, ఏ గడియలో నేల అదరునో చెప్పు విద్య ఇంకను లభింపలేదు. ఎచ్చట అదరుటకు అవకాశము ఎక్కువయో తెలిసియు అచ్చట బలహీనముగ కట్టడములు కట్టుట మాత్రము అజ్ఞానముచేత కాదు.

ఇక ముందు చీలబోవునది ఆఫ్రికా. ఎఱ్ఱసముద్రపు దక్షిణపుకొస వద్ద ఇథియోపియాలోని అఫార్ ఎడారిలో 2005 సెప్టెంబరున భూకంపములు వరుసగ పుట్టి, 60 కిలోమీటర్ల పొడవున నేల చీలినది. కొన్ని దినములలోనే ఆ చీలిక ఇరుపక్కల నేల కొన్ని తావుల ఎనిమిది మీటర్లు ఎడమైనది. ఆ నడుమ సందును క్రిందినుండి వచ్చిన లావా నింపినది. అఫార్ ప్రజలు ఒంటెలను, మేకలను మేపుకొను ఆ ప్రాంతమున కొంత నేల నేటికే సముద్రమట్టమునకు దిగువన నున్నది. ఎఱ్ఱసముద్రమును ఆపుచున్నవి ఒడ్డున గల తక్కువ ఎత్తు గుట్టలు.